ఎనిమిది చెరిపిన చోట

మా ప్రయోగశాలలో అందరూ ఆమెను రాళ్ళక్క అనేవారు. మా ఆఫీసరు గారు వయసులో ఆమెకన్నా నాలుగేళ్ళు పెద్ద, ఆయనకీ అక్కే. ఆమె పని హెర్రింగ్ అనే చలిసముద్రపు చేపల చెవిరాళ్ళు చదవడం.

చేప తలలో, మెదడు పక్కన, రెండు చిన్న రాళ్ళుంటాయి. హెర్రింగ్ చేపలో అయితే ఒక్కొక్కటీ బియ్యపు గింజంత కూడా ఉండదు. చెట్టు మానులోలాగే ఆ రాయిలో ఏడాదికొక వలయం పడుతుంది. ఎండాకాలం తెల్లగా పెరుగుతుంది, చలికాలం సన్నని నల్లగీత మిగులుతుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆ గీతలు లెక్కపెడితే చేప వయసు తేలిపోతుంది.

వయసు తేలితే ఏమిటి లాభం అంటారా? సముద్రంలో ఎన్ని చేపలున్నాయో ఎవరూ ఎంచలేరు. కానీ చేతికొచ్చిన వెయ్యి చేపల్లో మూడేళ్ళవి ఎన్ని, ఐదేళ్ళవి ఎన్ని, ముసలివి ఎన్ని అని తెలిస్తే ఆ మంద సంగతి తెలుస్తుంది. వెనక నుంచి పిల్లలు వస్తున్నారా, లేక ఉన్నవాళ్ళే ముసలివాళ్ళవుతున్నారా అని ఊరి జనాభా లెక్క చూసినట్టే. ఆ లెక్క పట్టుకుని, ఆ ఏడు పడవలు ఎన్ని టన్నులు పట్టుకోవచ్చో మా ఆఫీసు చెబుతుంది. అంటే ఆమె రాసే అంకె మీద రేవులో సగం ఇళ్ళు నడిచేవి.

ఆమె చేరిన పదకొండేళ్ళకు నేను చేరాను. ఆమె మొదటి పాఠకురాలు, నేను రెండో పాఠకురాల్ని. ప్రతి రాయినీ ఇద్దరం విడివిడిగా చదివి అంకె రాయాలి. అంకెలు కలవకపోతే మళ్ళీ చూడాలి. పని నేర్పింది ఆమే. మొదటి నెలంతా నన్ను రాయవద్దంది, చూడమంది. "కళ్ళు తొందరపడతాయమ్మాయ్, వాటిని కాసేపు కూర్చోబెట్టు" అనేది.

మనిషి పొట్టి, మాట పొడుగు. మా ఆఫీసులో నీళ్ళలోకి దూకి చేపగుడ్లు కొలిచే అతనొకడుండేవాడు, అందరూ బుడుంగు అని పిలిచేవారు. అతని పెళ్ళిలో ఎవరో "పెళ్ళికొడుకు వయసెంతో చెప్పక్కా" అని ఆటపట్టిస్తే, "తల ఒక్కసారి ఇటివ్వమనండి, రాయి తీసి చెప్తా" అంది. పెళ్ళికూతురు పడీ పడీ నవ్వింది. అలాంటి మనిషి.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. అన్నగారింట్లో మేడమీద గదిలో ఉండేది. అన్నగారికి సొంత పడవ ఉండేది. గది కిటికీ తీస్తే అఖాతమంతా కనిపించేది.

వసంతంలో హెర్రింగ్ ఆ అఖాతంలోకే వచ్చి, ఒడ్డు పక్కనున్న సముద్రపు గడ్డిమీద గుడ్లు పెట్టేది. వాటిమీద మగచేపలు వదిలే పాలలాంటి వీర్యంతో నీళ్ళు మూడు నాలుగు రోజులు తెల్లగా మారిపోయేవి. కొండమీద నుంచి చూస్తే ఎవరో సున్నం కలిపి పోసినట్టుండేది. ఇక పక్షుల గోల చెప్పనలవి కాదు. బడిలో పాఠాలు వినపడక కిటికీలు మూసుకునేవారు.

ఇప్పుడు చెప్పబోయేది నేను చేరిన తొమ్మిదో వసంతం సంగతి.

ఆ ఏడు నీళ్ళు నాలుగు కాదు, ఆరు రోజులు తెల్లగా ఉన్నాయి. బుడుంగు నీళ్ళలోంచి తేలి, "గడ్డి కనపడట్లేదక్కా, ఆరేడు పొరలు గుడ్లు!" అని కేకేశాడు. నమూనాకి తెచ్చిన చేపలు కూడా పెద్దపెద్దవి, బొద్దుగా ఉన్నాయి. ఆఫీసంతా పండగలా ఉంది. ఎనిమిది వందల చేపల రాళ్ళు నల్లపలకల గుంటల్లో అమర్చి, మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం.

అంకెలు రాసే కాగితంలో రెండు నిలువు గడులుండేవి. ఎడమది ఆమెది, కుడిది నాది. ముందు ఆమె చదివి కాగితం నాకిచ్చేది, నేను నా గడి నింపేదాన్ని. ఏళ్ళతరబడి అలాగే సాగింది, అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

ముప్పై ఏడో చేప. రాయి పెట్టాను, దీపం సరిచేశాను. నడుమ నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదో గీత తర్వాత అంచు దగ్గర కాస్త మసకగా ఉంది. అద్దం తిప్పాను. ఆ మసకలో ఇంకో మూడు గీతలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, పక్కపక్కన పెట్టిన దారాల్లా కనిపించాయి. పెన్సిలుతో ఎనిమిది అని రాశాను. అప్పుడు ఎడమ గడి చూశాను. ఐదు అని ఉంది.

మళ్ళీ చూశాను. గీతలేనా, లేక దీపం నీడా? ఆమె ఇరవై ఏళ్ళుగా చదువుతోంది. ఎదురుగా కూర్చుని, తలవంచి, పెదవులు కదుపుతూ తర్వాతి పలక లెక్కపెట్టుకుంటోంది. "అక్కా, ఒకసారి ఇది చూస్తావా" అని నోటిదాకా వచ్చింది. ఇంకా ఏడువందల పైచిలుకు ఉన్నాయి. ఆఫీసరు గారు శుక్రవారానికల్లా లెక్క కావాలన్నారు. రబ్బరు తీసి ఎనిమిది చెరిపేసి ఐదు వేశాను.

ఆ తర్వాత నాకే రాయిలోనూ ఎనిమిది కనిపించలేదు. ఐదు కోసం వెతికే కంటికి ఐదే కనిపిస్తుంది.

లెక్క పూర్తయింది. ఐదేళ్ళ చేపలు కొల్లలుగా ఉన్నాయని తేలింది. మంచి వయసులో ఉన్న మంద, ఇంకో మూడు నాలుగేళ్ళు దిగుల్లేదు. ఆఫీసరు గారు ముందెన్నడూ లేనంత పెద్ద అంకెకు అనుమతి రాశారు. రాళ్ళక్క అన్నగారు రెండు రోజుల్లో పడవ మునిగేంత చేప పట్టాడు. రేవులో మనుషులు ఒకరి భుజాలమీద ఒకరు చేతులేసుకుని తిరిగారు.

మరుసటి వసంతం నీళ్ళు తెల్లబడలేదు.

మొదట ఎవరూ కంగారుపడలేదు. చలి ఆలస్యంగా తగ్గింది, వస్తాయిలే అన్నారు. పది రోజులు చూశారు, ఇరవై రోజులు చూశారు. బుడుంగు దూకి పైకొచ్చి, తలకున్న ముసుగు తీసి, పడవ అంచుమీద కూర్చున్నాడు. గడ్డి పచ్చగా, శుభ్రంగా ఊగుతోందట. బడి కిటికీలు తెరిచే ఉన్నాయి.

ఆ తర్వాతి ఏడూ అంతే. మూడో ఏడూ అంతే. అఖాతంలో వేట ఆపేశారు. పడవలు ఉత్తరాన ఉన్న పక్క అఖాతానికి వెళ్ళడం మొదలుపెట్టాయి. అక్కడ చేప ఇంకా వస్తోంది.

ఆఫీసులో రకరకాల మాటలు అనుకున్నారు. నీళ్ళు వేడెక్కాయన్నారు, సీల్ జంతువులు తినేశాయన్నారు. రాళ్ళక్క ఏ మాటకూ తల ఊపలేదు. మాట తగ్గిపోయింది. మధ్యాహ్నం భోజనానికి రాకుండా రాళ్ళు భద్రపరిచే గదిలోకి వెళ్ళేది. అక్కడ ఏడాదికొక సొరుగు ఉంటుంది. ఆ వసంతం సొరుగు లాగి, నల్లపలకలు ముందేసుకుని నిలబడేది. అద్దం పెట్టేది కాదు, ఊరికే చూసేది. నేను గుమ్మంలో నిలబడితే తల తిప్పకుండా, "ఎనిమిది వందల జతలు. అన్నీ నావైపే చూస్తున్నాయి" అనేది.

ఒకసారి వాళ్ళ వదిన నాకు బజారులో ఎదురైంది. చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఆఫీసులో ఏమైందమ్మా? చెప్పు. మా ఆడపడుచు తెల్లారకముందే లేచి కిటికీ తీసి నిలబడుతోంది. 'పక్షులు అరుస్తున్నాయి వదినా, వచ్చాయి' అంటుంది. నేను వెళ్ళి చూస్తే ఒక్క పిట్ట లేదు. నీళ్ళు నల్లగా ఉంటాయి. మొన్న అన్నం ముందు కూర్చుని బల్ల చివర గీతలు లెక్కపెడుతోంది. 'బల్ల వయసు తేల్చారా ఆడపడుచు గారూ, నా వయసు మాత్రం బయట పెట్టకండి' అన్నా. ఎప్పుడైనా నాతో నవ్వకుండా ఉంటుందా? నావైపు చూసి, 'అంచు దగ్గర ఎన్నున్నాయో నాకు కనపడట్లేదు వదినా' అంది. నాకు భయమేసిందమ్మా."

నేను ఏదో నీళ్ళు నమిలి వచ్చేశాను.

అంచు. ఆమెకు అనుమానం వచ్చిందన్నమాట. నాకు మాత్రం మూడేళ్ళుగా అది అనుమానం కాదు. కళ్ళు మూసుకుంటే ముప్పై ఏడో రాయి వచ్చేది. ఎనిమిది గీతలతో, దీపం కింద మెరుస్తూ. మా ఇంట్లో పంపు కింద చెయ్యి కడుక్కుంటుంటే తొట్టెలో నీటి వలయాలు చూసి గబుక్కున కట్టేసేదాన్ని.

ఆ శీతాకాలం మా ఆఫీసుకి కొత్త యంత్రం వచ్చింది. రాయిని జిగురులో పోతపోసి అడ్డంగా పలచటి బిళ్ళలా కోస్తుంది. పైనుంచి చూస్తే కలిసిపోయే అంచు గీతలు, అలా కోసి చూస్తే విడివిడిగా కనిపిస్తాయి. యంత్రం వేరే చేపల కోసం తెప్పించారు. రాళ్ళక్క ఎవర్నీ అడగలేదు. ఆ వసంతం సొరుగులోంచి వంద రాళ్ళు తీసి కోసింది. నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం నన్ను పిలిచి, కుర్చీలోంచి లేచి, "చూడు" అంది.

చూశాను. లెక్కపెట్టక్కర్లేదు. ఎనిమిది. పక్కది తొమ్మిది. ఆ పక్కది ఎనిమిది.

"వందలో అరవై ఎనిమిది తప్పు చదివాను" అంది. గొంతులో ఏ మార్పూ లేదు. "వాటికి ఐదేళ్ళు కాదు. అవన్నీ ఒక్క కాన్పు చేపలు. ముసలివి. వాటి వెనకాల ఎవరూ లేరు. చివరిసారి గుడ్లు పెట్టడానికొచ్చాయి. వచ్చినవాటిని వచ్చినట్టే పట్టించేశాను."

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకుండా అద్దం కింది దీపం ఆర్పేశాను.

మర్నాడు ఆమె ఆఫీసరు గారి గదిలోకి వెళ్ళింది. తలుపు సగం తెరిచే ఉంది, మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"పాత రాళ్ళు ఇప్పుడు తవ్వి ఏం చేస్తామక్కా? చేప ఎలాగూ లేదు. ఊళ్ళో మొహం ఎత్తుకుని తిరగాలి కదా మనం" అన్నారాయన. చెడ్డమనిషి కాదు. బెదిరిపోయారంతే.

"ఉత్తరాన ఉంది కదండీ చేప" అంది ఆమె.

"ఉంటే?"

"వాటి రాళ్ళు కూడా నేనే చదివాను."

ఆయన లేచొచ్చి తలుపు మూసేశారు.

ఉత్తరపు అఖాతం రాళ్ళు కూడా కోశాం. అక్కడి మంద కూడా మేం రాసినదానికన్నా ముసలిది. కాకపోతే వెనక మూడేళ్ళ పిల్లలు కొద్దిగా ఉన్నాయి. ఇంకో రెండేళ్ళు ఇలాగే పడితే అదీ పోయేది. వేటకి మూడు వారాలుందనగా, ఉత్తరాన కూడా ఆపేయాలని కాగితం తయారైంది. మత్స్యకారుల సంఘం హాల్లో సమావేశం పెట్టారు. చెప్పాల్సింది ఆఫీసరు గారే అయినా, రాళ్ళక్క తానే మాట్లాడతానంది.

మడతకుర్చీలు నిండిపోయి గోడల వెంట నిలబడ్డారు. తడి బూట్ల వాసన. ఆమె ముందుకెళ్ళి, మైకు తనకన్నా ఎత్తులో ఉంటే పక్కకు జరిపేసి నిలబడింది.

"ఐదేళ్ళన్నాను. ఎనిమిదేళ్ళు. తప్పు నాది" అని మొదలుపెట్టింది. తర్వాత రాళ్ళ సంగతి, గీతల సంగతి, మొత్తం చెప్పింది. ఎక్కడా నీళ్ళు కలపలేదు.

వలలు బాగుచేసే ముసలాయన ఒకాయన లేచాడు. "అమ్మా, ఇద్దరు చదువుతారు కదా మీ దగ్గర. రెండోవాళ్ళేం చేశారు?"

నేను మూడో వరుసలో ఉన్నాను. లేవాలనుకున్నాను. లేవలేదు.

"రెండోవాళ్ళకి నేర్పింది నేనే. నా కంటితోనే చూశారు" అంది రాళ్ళక్క. నావైపు చూడలేదు.

"సరే, మరి ఇప్పుడు మన అఖాతంలో ఎంతుంది చేప?"

"తెలియదు."

ఆయన "ఇన్నేళ్ళకి ఈ మాట మీ ఆఫీసు నోట విన్నాను" అని కూర్చున్నాడు. వెనక నుంచి ఎవరో గట్టిగా తిట్టారు. ఎవరో కుర్చీ తన్నారు. సగంమంది లేచి వెళ్ళిపోయారు. అంతే.

బయటికొచ్చేసరికి ఆమె అన్నగారు మెట్లదగ్గర ఉన్నాడు. ఉత్తరాన కూడా వేట ఆగిపోతే పడవ కట్టేయాల్సింది ఆయనే. ముగ్గురం నడిచాం. చేపలు వేలం వేసే షెడ్డు దాటాక ఆయన ఆగాడు.

"ఆ రెండు రోజులూ నా వలలో చిన్న చేప ఒక్కటి పడలేదు చెల్లీ. మామూలుగా చిన్నవి కంతల్లో ఇరుక్కుంటాయి, దులపలేక చస్తాం. ఆ ఏడు ఒక్కటి లేదు. ఎంత శుభ్రంగా ఉన్నాయో అని మురిసిపోయా."

ఆమె నిలబడిపోయింది. "నాకెందుకు చెప్పలేదన్నయ్యా?"

"నువ్వడగలేదు. అయినా, నీకు తెలియనిది నేనేం చెప్తాననుకున్నా."

ఆ మాటకి ఆమె రోడ్డుమీదే కూర్చుండిపోయింది. ఏడవలేదు. అన్నగారు కూడా పక్కన కూర్చున్నాడు. నేను వాళ్ళ వెనక నిలబడి, నా సంచి తాడు మెలిపెడుతూ ఉన్నాను.

ఆయన ఆ పడవను తర్వాత వదిలేసి, రేవులో బురద తోడే ఓడమీద పనికి కుదిరాడు. చెల్లెల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆమె నాతో చాలాసార్లంది.

సమావేశం అయిన వారానికి రాళ్ళక్క మా కాగితం మార్పించింది. ఇక మీదట మొదటి పాఠకులకొక కాగితం, రెండోవాళ్ళకొక కాగితం. ఒకరి అంకె ఒకరికి కనపడకూడదు. ఆమె ఉద్యోగంలో చివరిగా చేసిన పెద్దపని అదే. ఏడాదిన్నర తర్వాత రిటైరయింది.

ఆమె వెళ్ళిపోయేరోజు సొరుగులన్నీ నాకు అప్పజెబుతోంది. ఆ వసంతం సొరుగు దగ్గరికొచ్చేసరికి నేనిక ఆగలేకపోయాను.

"అక్కా, ముప్పై ఏడో చేప. నేను ఎనిమిది చదివాను. నీది ఐదని చూసి చెరిపేశాను."

ఆమె తాళంచెవుల గుత్తిలో ఏదో వెతుకుతూ, "తెలుసు" అంది.

"తెలుసా!"

"యంత్రం వచ్చాక పాత కాగితాలు దీపం కింద పెట్టి చూశా. రబ్బరు రుద్దిన చోట కాగితం పలచబడుతుంది కదా. ఎనిమిది అచ్చు కనపడింది. మొత్తం ఎనిమిది వందల్లో ఆ ఒక్కచోటే."

"మరి హాల్లో..."

"హాల్లో నీ పేరు చెప్తే ఏమయ్యేది? నాతోపాటు నిన్నూ తిట్టేవాళ్ళు. ఆ ఒక్క చేప వయసు సరిగ్గా చదివినదానివి నువ్వే. ఆ కన్ను ఆఫీసులో ఉండాలి." కొంచెం ఆగి, "నామీద కోపం రాలేదా నీకు? నువ్వడగడానికి జంకేంత పెద్దదాన్నయి కూర్చున్నా కదా" అంది.

నాకప్పుడు ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, సొరుగు మూసేసింది.

క్షమించిందా అంటే ఏమో, నాకు తెలియదు. నా గుండెలో బరువైతే దిగలేదు. ఆ రాయి ఇప్పటికీ వస్తుంది. ఇంట్లోవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో లెక్కపెడుతూ దొరికిపోతాను.

ఉత్తరపు అఖాతంలో మంద నిలబడింది. నాలుగేళ్ళ మూత తర్వాత అక్కడ మళ్ళీ కొద్దిగా వేట మొదలైంది. ఏటా నీళ్ళు తెల్లబడతాయి. అక్కడివాళ్ళు రాళ్ళక్కను రెండుసార్లు రమ్మని కబురు పెట్టారు. వెళ్ళలేదు. ఆమె మా అఖాతానికే వెళుతుంది. వసంతం రాగానే రబ్బరు బూట్లు వేసుకుని, నీళ్ళు వెనక్కి తగ్గిన వేళ ఒడ్డంతా నడిచి, ముప్పై ఒక్క చోట్ల గడ్డి పైకెత్తి గుడ్లున్నాయేమో చూస్తుంది. జీతం లేదు, అడిగినవాళ్ళు లేరు. మోకాళ్ళ నొప్పి ముదిరాక తోడుగా నన్ను రమ్మంది.

పోయినేడు వెళ్ళాం. గాలి లేదు. పక్షి లేదు. ఆమె ఒంగి గడ్డి ఎత్తి రెండువైపులా తిప్పి చూసి, "సున్నా" అనేది. నేను రాసేదాన్ని. పదో చోటికొచ్చేసరికి నాకు విసుగొచ్చి, "మిగతావి ఇక్కడి నుంచే తెలుస్తోంది కదక్కా, గీత కొట్టేద్దామా" అన్నాను.

"వద్దు" అంది. "చూడకుండా గీత కొట్టేది వేరు, చూసి సున్నా రాసేది వేరు. నడు."

ఇరవై రెండో చోట ఆమె ఒంగినది ఒంగినట్టే ఉండిపోయింది. చెయ్యెత్తి నన్ను ఆగమంది. తల పక్కకి వంచి నీళ్ళవైపు చెవి పెట్టింది. నేనూ విన్నాను. రేవులో ఆమె అన్నగారి ఓడ బురద తోడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"ఏంటక్కా?" అన్నాను.

ఆమె గడ్డి వదిలేసి, చేతులు తుడుచుకుంది.

"సున్నా" అంది.

రాశాను. నీళ్ళు మళ్ళీ ఒడ్డెక్కుతున్నాయి. ఇంకా తొమ్మిది చోట్లున్నాయి. ఆమె ముందు, నేను వెనక నడిచాం.